ఆవిడ ఇల్లు, ఆవిడ ఇష్టం, మీ భయం

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై ఆరేళ్లు. తెనాలి దగ్గర ఒక పల్లెలో, మా పాత పెంకుటింట్లో ఒంటరిగా ఉంటోంది. నాన్న హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, పోయి మూడేళ్లయింది. నేను హైదరాబాదులో, కూకట్‌పల్లిలో, తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో ఉంటాను. చెల్లెలు విజయవాడలో ఉంటుంది. అమ్మకు బీపీ, షుగరు ఉన్నాయి. మొన్న దసరా ముందు తెల్లవారుజామున బావి దగ్గర జారిపడింది. పక్కింటి కోడలు చూసి లేపేసరికి ముప్పావు గంట గడిచింది. మణికట్టు విరిగింది. హైదరాబాదు తీసుకొచ్చి చూపించాం. కట్టు విప్పిన మర్నాడే బయలుదేరి ఊరెళ్లిపోయింది. ‘మీ ఇంట్లో నాకే లోటూ లేదు నాయనా, కానీ అక్కడ నేను చుట్టాన్ని’ అంటుంది. అంతకుమించి ఏమీ చెప్పదు.

‘రక్షంతి స్థవిరే పుత్రాః అన్నారు పెద్దలు, ఆడమనిషి మాట విని అలా వదిలేస్తావా’ అని మా మేనమామ తిడుతున్నారు. బంధువులందరికీ నేనే లోకువ. మా ఆవిడ మాత్రం ఆవిడ ఇష్టానికి వదిలేయమంటుంది. ఇల్లు అమ్మ పేరు మీదే ఉంది. సంక్రాంతికని పిలిచి, ఈలోగా ఇల్లు అద్దెకిచ్చేసి, తరువాత మెల్లగా సంతకం పెట్టించి అమ్మేద్దామని ఆలోచన. ఒకాయన బేరానికి కూడా వచ్చారు. స్వేచ్ఛ గొప్పదే, కాదనను. కానీ ప్రాణం కంటే గొప్పదా? కొడుకు బాధ్యత కంటే గొప్పదా?
ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి పూర్తిగా మీ పక్షమే. తడి నేల మీద, విరిగిన చేత్తో, ముప్పావు గంట. ఆ మాట చదివితే ఏ బిడ్డకైనా అమ్మను ఎత్తుకుని తెచ్చేసుకోవాలనే అనిపిస్తుంది. రెండోసారి చదువుతూ ‘సంక్రాంతికని పిలిచి’ అన్న చోట ఆగిపోయాను. అక్కడి నుంచి మీ అమ్మగారి పక్షానికి జరిగాను, మళ్లీ ఇటు రాలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఇద్దరికీ మధ్యలో నిలబడి మాట్లాడుతున్నట్టు నటించాల్సి వస్తుంది.

స్వేచ్ఛ గొప్పదా, ప్రాణం గొప్పదా అని అడిగితే ఎవరైనా ప్రాణమే అంటారు. మనిషి ఉంటేనే కదా ఆ మనిషికి ఇష్టాయిష్టాలు. కానీ అదే తర్కాన్ని మీ ఇంట్లో ఇంకొకరికి వర్తింపజేసి చూడండి. మీరు రోజూ ఆ ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్తున్నారు. ఇంట్లో కూర్చుంటే ప్రాణానికి అంతకంటే భద్రం. పిల్లవాడు ఈత నేర్చుకుంటానంటే పంపిస్తాం, పైచదువుకు దేశం దాటి వెళ్తానంటే అప్పు చేసి మరీ పంపిస్తాం. కాస్తో కూస్తో ప్రమాదం లేని పని మనం ఒక్కటీ చేయం. నలభై ఏళ్ల మనిషి అలా చేస్తే బతకడం అంటున్నాం, డెబ్బై ఆరేళ్ల మనిషి చేస్తే మొండితనం అంటున్నాం.

అలాగని స్వేచ్ఛే అన్నిటికన్నా పైమెట్టు మీద ఉందని నేను అనను. ఐసయా బెర్లిన్ అనే తత్వవేత్త 1958లో ఆక్స్‌ఫర్డులో స్వేచ్ఛ మీద ఒక ప్రసంగం చేశాడు. అందులో ఒక చేదు నిజం ఒప్పుకున్నాడు. మనిషి మంచివని నమ్మే విలువలన్నీ ఒకే ఇంట్లో ఇమడవు, ఒకటి కావాలంటే ఇంకొకటి కొంత వదులుకోక తప్పదు, అన్నిటినీ తూచే ఒకే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. ఆకలితో ఉన్నవాడి దగ్గరకు వెళ్లి ‘నీ ఇష్టం నీది’ అంటే అది చేతులు దులుపుకోవడమే. మీ అమ్మగారికి సొంత ఇల్లు ఉంది, బహుశా ఫ్యామిలీ పెన్షన్ కూడా వస్తూ ఉండాలి, పక్కింట్లో ఆదుకునే మనిషి ఉంది. అందుకే ఆవిడ ‘రాను’ అనగలిగారు. అద్దె ఇంట్లో, చేతిలో రూపాయి లేని ముసలితల్లి ఆ మాట అనలేదు. స్వేచ్ఛకు కూడా గోడలూ పైకప్పూ కావాలి. ఆ పెంకుటిల్లే మీ అమ్మగారి స్వేచ్ఛ. మీరు బేరం పెట్టింది దాన్నే.

కాబట్టి నేను అడిగేది ఏ విలువ గొప్పదని కాదు. ఎవరి బతుకులో ఎవరి విలువ చెల్లాలి అని. మీ సెలవులూ మీ డబ్బూ మీ నిద్రా మీ బాధ్యతకు ధారపోస్తే అది త్యాగం. మీ అమ్మగారికి మిగిలిన రోజుల్ని మీ బాధ్యతకు ధారపోస్తే ఏమనాలో మీరే చెప్పండి.

జాన్ స్టువర్ట్ మిల్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1859లో స్వేచ్ఛ గురించి రాసిన పుస్తకంలో ఒక వంతెన ప్రస్తావన ఉంది. కూలిపోయేలా ఉన్న వంతెన మీదకు ఒకడు అడుగు పెట్టబోతున్నాడు, హెచ్చరించే వ్యవధి లేదు. పట్టుకుని వెనక్కి లాగండి అంటాడు మిల్. నీళ్లలో పడాలన్నది ఆ మనిషి కోరిక కాదు కనుక అతని స్వేచ్ఛకు వచ్చిన లోటేమీ లేదు. కానీ ప్రమాదం ఖాయంగా జరుగుతుందని కాక, జరగవచ్చు అని మాత్రమే ఉంటే? అప్పుడు ఆ సంగతి అతనికి చెప్పడం వరకే మన పని, సాహసించాలా వద్దా అన్నది అతనిదే. పసిపిల్లలకూ సొంతంగా ఆలోచించుకోలేని స్థితిలో ఉన్నవారికీ మాత్రం మినహాయింపు. ఇప్పుడు మీ అమ్మగారిని చూడండి. ఆ వంతెన సంగతి తెలియని బాటసారి కాదు ఆవిడ. దాని మీద పడి, మణికట్టు విరగ్గొట్టుకుని, ఆరు వారాలో ఎనిమిది వారాలో కట్టుతో ఉండి, మళ్లీ తెలిసి తెలిసి అదే వంతెన ఎక్కిన మనిషి. మీ కంటే నాకంటే ఆ ప్రమాదం ఆవిడకే బాగా తెలుసు.

ఈ మిల్ గారి గురించి ఇంకో ముక్క కూడా చెప్పాలి. ఆయన ఈస్టిండియా కంపెనీలో ముప్పై అయిదేళ్లు ఉద్యోగం చేశాడు. ఇంత స్వేచ్ఛ బోధించిన ఆ పుస్తకంలోనే, వెనకబడిన సమాజాలు ఇంకా మైనారిటీ తీరని పిల్లల వంటివి, వాటికి ఈ సూత్రం వర్తించదు అన్నాడు. అలాంటివారికి అక్బరు వంటి పాలకుడు దొరికితే విధేయంగా ఉండటమే మేలట. ‘వాళ్ల మంచి వాళ్లకు తెలియదు, మనమే చూసుకోవాలి’ అనే ఈ ధోరణి రాజ్యాలేలేవాళ్లకే కాదు, పెద్ద మనసున్న కొడుకులకూ సులభంగా వస్తుంది. మేనమామలకు ఇంకా సులభంగా వస్తుంది.

మీ మేనమామ శ్లోకం మూడో పాదం దగ్గర ఆపేశారు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలోది అది. చిన్నప్పుడు తండ్రి రక్షిస్తాడు, యౌవనంలో భర్త రక్షిస్తాడు, ముసలితనంలో కొడుకులు రక్షిస్తారు అని మూడు పాదాలు. నాలుగో పాదం ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’. స్త్రీకి స్వాతంత్ర్యం తగదు. రక్షణ అనే మెట్లు మూడు ఎక్కించి ఎక్కడికి తీసుకెళ్లారో చూశారా? నాలుగో పాదం ఈ కాలంలో బయటికి అనకూడదని ఆయనకూ తెలుసు కాబోలు. ఒక్కటి ఆలోచించండి. మీ అమ్మగారు ముందు పోయి, మీ నాన్నగారు ఊళ్లో ఒంటరిగా ఉంటానంటే మీ మేనమామ ఇంత గొడవ చేసేవారా? ‘మాస్టారు పట్టుదల మనిషి’ అని నవ్వి ఊరుకునేవారు.

పెద్దల మాటే కావాలంటే నేనొకటి చెబుతాను. భారతంలో ఆశ్రమవాస పర్వం మన ఇళ్లలో ఎవరూ అంతగా చెప్పుకోరు. యుద్ధం గెలిచారు, ధర్మరాజు రాజ్యం చేస్తున్నాడు. కుంతి కష్టాలన్నీ గట్టెక్కి రాజమాతగా ఉండాల్సిన కాలం. ధృతరాష్ట్రుడూ గాంధారీ అడవికి బయలుదేరితే, సాగనంపడానికి వెళ్లిన కుంతి ఇక వెనక్కి రానంది. ధర్మరాజు బతిమాలాడు. భీముడు ఉండబట్టలేక, అడవికే వెళ్లేదానివైతే మమ్మల్ని యుద్ధానికి ఎందుకు పురికొల్పావు అని అడిగాడు. మీరు ఒకరి ముందు తలవంచుకుని బతకకూడదని అలా చెప్పాను, రాజభోగం నా భర్త ఉన్నప్పుడే అనుభవించాను, కొడుకులు గెలిచిన రాజ్యం మీద నాకు ఆశ లేదు అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చింది. అయిదుగురు మహావీరులు, సైన్యం, రథాలు. ఒక ముసలమ్మను ఎత్తి రథంలో కూర్చోబెట్టడం భీముడికి ఒక పనా? ఎవరూ ఆ పని చేయలేదు. ఏడుస్తూ వెనక్కి వచ్చారు. కొంతకాలానికి ఉండబట్టలేక అందరూ కలిసి అడవికి వెళ్లి చూసి వచ్చారు.

తరువాత ఏం జరిగిందో కూడా చెప్పకపోతే మోసం అవుతుంది. కార్చిచ్చులో ముగ్గురూ పోయారు. నారదుడు వచ్చి చెబితే పాండవులు గుండెలు బాదుకుని ఏడ్చారు. అంటే కొడుకులు భయపడ్డదే జరిగింది. నాకు ఆ కథ మీద గౌరవం అందుకే. మాట వినని తల్లికి ఇదే శాస్తి అని అది అనదు, వదిలి వచ్చిన కొడుకులు పాపం చేశారని కూడా అనదు. మీ విషయంలోనూ నేను ఏ హామీ ఇవ్వలేను. మీ అమ్మగారు మళ్లీ పడవచ్చు. ఈసారి పక్కింటి కోడలు ఊళ్లో ఉండకపోవచ్చు. అప్పుడు బంధువులు మిమ్మల్ని అనే మాటలు అంటారు, మీరూ ఎన్నో రాత్రులు నిద్రపోరు. ఆవిడను ఆవిడ ఇష్టానికి ఉండనివ్వడానికి మీరు చెల్లించే ధర అది. తక్కువ ధర కాదు. అయినా చెల్లించమనే అంటాను.

ఎందుకంటే రెండో ధర నేను చెల్లించాను. మా అమ్మ పోయాక నాన్నను దాదాపు బలవంతంగా మా ఇంటికి తెచ్చుకున్నాను. బాగా చూసుకున్నాను, ఎవరిని అడిగినా చెబుతారు. ఆయన ఎదురు చెప్పలేదు. కొన్ని నెలలయ్యాక గమనిస్తే, ఆయన ఏదీ అడగడం మానేశారు. కూరలో ఉప్పు తగ్గితే కంచం ముందు నుంచి లేచే మనిషి, పెట్టింది తిని చేయి కడుక్కుంటున్నారు. టీవీలో ఏది ఉంటే అది చూస్తున్నారు. ‘ఎంత బాగా సర్దుకుపోయారో’ అని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. మొలతాడుకు కట్టుకున్న ఊరి ఇంటి తాళంచెవిని మాత్రం, ఆ ఇల్లు అమ్మేసిన తరువాత కూడా ఆయన విప్పలేదు. ఎందుకని నేను అడగలేదు.

మీ అమ్మగారు అన్న ‘చుట్టాన్ని’ అనే మాటలో అంతా ఉంది. చుట్టానికి మర్యాద జరుగుతుంది, పెత్తనం ఉండదు. ఎన్నింటికి లేవాలి, పాలవాడితో ఎంతసేపు పోట్లాడాలి, ఆవకాయలో నూనె ఎంత పోయాలి, ఎవరు గుమ్మంలోకి వస్తే కూర్చోమనాలి, ఎవరిని అనకూడదు. ఇవన్నీ చిల్లర సంగతుల్లా కనిపిస్తాయి. స్వేచ్ఛ గురించి సభల్లో మాట్లాడేటప్పుడు వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కానీ యాభై ఏళ్లు ఒక ఇంటికి యజమానురాలిగా ఉన్న మనిషి దగ్గర ఇవి తీసేస్తే మిగిలేది మంచం, మాత్రలు. తొమ్మిదో అంతస్తులో ఆవిడ తలుపు తీస్తే ఎదురుగా ఇంకో మూసిన తలుపు ఉంటుంది.

ఇక మీ పథకం. పండగకని పిలిచి ఇల్లు లేకుండా చేయడం అబద్ధం, అంతకంటే మంచి మాట దానికి లేదు. ఎదురుగా కూర్చుని ‘అమ్మా, నాకు భయంగా ఉంది, రావాలి’ అని పట్టుబడితే ఆవిడ కాదనే అవకాశం ఉంటుంది. అబద్ధం ఆ అవకాశాన్నే తీసేస్తుంది. ప్రేమతో చేసినా సరే. పైగా ఒకసారి అలా చేశాక ఆవిడ మీ ఇంట్లో ఎన్నాళ్లున్నా మీ మాట ఏదీ నమ్మరు. ‘డాక్టరు దగ్గరకు వెళ్దాం పద’ అన్నా అనుమానిస్తారు.

చట్టం కూడా మీ వైపు లేదు. ఇల్లు ఆవిడది, మీరు అద్దెకిచ్చే హక్కే లేదు. మాయమాటలతో తీసుకున్న సంతకం కోర్టులో నిలవడం కష్టం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లల మీద పెట్టిన బాధ్యత పోషణ. కాపలా కాదు. బాగోగులు చూస్తామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని, తరువాత చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలు అదే చట్టంలోని 23వ సెక్షన్ పెద్దవాళ్లకు ఇచ్చింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చినప్పుడు, సొంత జీవితం గురించి సొంతంగా నిర్ణయించుకోవడం కూడా అందులో భాగమే అన్నారు. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు విశ్రాంత న్యాయమూర్తి. 2012లో కోర్టుకెక్కేనాటికి ఎనభై దాటిన మనిషి. ‘ఈ వయసులో ఆయనకెందుకు ఇవన్నీ’ అని వాళ్ల బంధువుల్లో ఎవరైనా అన్నారేమో!

మీకు చెప్పినంతా చెప్పి, మీ అమ్మగారికి చెప్పాల్సింది దాచకూడదు. మీ ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయిన మనిషి ఉంది. పక్కింటి కోడలు. ఆ తెల్లవారుజామున లేపింది ఆ అమ్మాయి. జ్వరం వస్తే జావ కాచి ఇచ్చేదీ, మీ ఫోను అమ్మగారు తీయకపోతే పరుగెత్తి చూసేదీ ఆ అమ్మాయే అయి ఉంటుంది. మీ అమ్మగారి స్వేచ్ఛ బరువు ఆ పిల్ల భుజాల మీద ఉంది, ఎవరూ అడక్కుండానే. స్వేచ్ఛను మిగతా విలువల ముందు నిలబెట్టి చూడాల్సిన చోటు ఇదేనని నాకు అనిపిస్తుంది. నా బతుకు నా ఇష్టం అన్న మాట న్యాయంగా ఉండాలంటే, దాని ఖర్చు ఊరకే ఇంకొకరి మీద పడకూడదు. ఆ అమ్మాయికి ఇష్టమేనా అని అడగండి. ఇష్టమే అంటే నెలకింత అని మాట్లాడి క్రమం తప్పకుండా పంపండి. ఆమె మొహమాటపడితే పిల్లల ఫీజు కట్టండి. ఇష్టం లేదంటే పొద్దునా సాయంత్రం వచ్చే మనిషిని వెతకండి. విజయవాడ నుంచి పరుగెత్తుతున్న మీ చెల్లెలి సంగతి మీరు రాయలేదు, అది కూడా లెక్క చూసుకోండి.

అలాగే మీరు అమ్మగారిని కొన్ని గట్టిగా అడగవచ్చు. బతిమాలవచ్చు, అలగవచ్చు, నేను రోజూ ఫోను చేస్తాను, నువ్వు తీసి తీరాలి అనవచ్చు. అవేవీ స్వేచ్ఛకు భంగం కావు. కొడుకుగా మీ హక్కులు. ముందుగా, ఆవిడ జారడానికి కారణం నేల ఒక్కటేనా అని డాక్టరును అడిగారా? బీపీ మాత్రలు వేసుకునేవారు పడుకుని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు. షుగరు చాలాకాలంగా ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, చూపు దెబ్బతింటుంది. కళ్లూ పాదాలూ ఏడాదికోసారి చూపించాలి. బావి దగ్గర పాచి గీకించి గరుకు బండలు వేయించండి, మోటారు పెట్టి వంటింట్లోకి కుళాయి లాగించండి. స్నానాలగదిలోనూ మెట్ల దగ్గరా పట్టుకోవడానికి కమ్మీలు, రాత్రంతా వెలిగే చిన్న దీపం. మెడలో వేసుకునే ఫోను సంచి ఒకటి కుట్టించండి, ఫోను బల్ల మీద ఉంటే బావి దగ్గర పడ్డ మనిషికి ఉపయోగం లేదు. పెద్దవాళ్ల కోసం దేశమంతటా ఉన్న 14567 హెల్ప్‌లైన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఇంటి అమ్మకం కోసం తిరిగినంత తిరిగితే ఇవన్నీ పదిరోజుల పని.

నా మాట మారే సందర్భం ఒకటి ఉంది. పొయ్యి ఆర్పడం మరిచిపోతున్నా, వేసుకున్న మాత్రలే మళ్లీ వేసుకుంటున్నా, తెలిసిన దారి తప్పుతున్నా అప్పుడు లెక్క వేరు. మిల్ మినహాయింపు అక్కడే వర్తిస్తుంది. కానీ ఆ సంగతి తేల్చాల్సింది డాక్టరు, మీ మేనమామ కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో చికిత్స నిర్ణయాల గురించి ఒక నిబంధన ఉంది: ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన, నిర్ణయించుకునే శక్తి ఆ మనిషికి లేదని అనకూడదు. వైద్యం కోసం రాసుకున్న మాటే అయినా, ఇళ్లలో కూడా పనికొస్తుంది. ఆవిడ ‘రాను’ అనడం మతిమరుపుకు సాక్ష్యం కాదు. రేపు ఆవిడే ‘ఇక చేతకావడం లేదురా, వచ్చేస్తాను’ అంటే, ‘అప్పుడే చెప్పానుగా’ అని ఒక్కసారి కూడా అనకుండా తీసుకురావాలి.

బేరానికి వచ్చినాయనకు ఈరోజే ఫోను చేసి ఇల్లు అమ్మడం లేదని చెప్పండి. సంక్రాంతికి ఆవిడను పిలవకండి, మీరే పిల్లలతో వెళ్లండి. భోజనాలయ్యాక, మీరు చేయబోయిన పని గురించి మీ నోటితోనే ఆవిడకు చెప్పండి. తిడతారు. పిల్లల ముందే తిడతారేమో, ఆవిడ ఇల్లు కదా.